పోయిన ప్రజను పిలిచే రాజ్యం

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గంవారు మమ్మల్ని పిలిచి రాజనీతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము పండితులం కాము. మలయా రబ్బరు తోటకు కూలికి వెళ్లిన తాతగారి మూడవ తరం వారము. పగలు బడిలో చరిత్ర, లెక్కలు చెప్పి బ్రతికినాము. తెలుగు మాకు సాయంకాలపు తరగతిలో పలక మీద దిద్దితే వచ్చినది. ఇప్పుడు ఈ ఎడారి తీరాన పిల్లల దగ్గర ఉంటూ, వారానికి రెండు సాయంకాలాలు చిన్నవారిచేత అ ఆలు దిద్దిస్తున్నాము. కనుక మా మాటలలో పాండిత్యం వెదకవద్దని మనవి. పాఠం చెప్పే ధోరణి మాత్రం వద్దన్నా వస్తుంది. దానిని పెద్ద మనసుతో మన్నించండి.

ఆ తరగతిలో ఒక పిల్లవాడు, "మాష్టారూ, మంచివాడు రాజ్యం చేయగలడా?" అని అడిగినాడు. చిన్న ప్రశ్నే. దీనికి లోకంలో రెండు రకాల సమాధానాలున్నాయి. రాజు ధర్మాత్ముడైతే చాలు, నెలకు మూడు వానలు వాటంతటవే కురుస్తాయని కొందరంటారు. మరి కొందరు నవ్వి, అవన్నీ పురాణంలో మాటలు, గద్దె ఎక్కినవాడు గద్దె నిలబెట్టుకోవాలి, నీతిని ఇంట్లో దేవుని గూట్లో పెట్టి రావాలి అంటారు. ఈ రెండవ మాటకు ఇప్పుడు వాస్తవిక దృష్టి అనే గౌరవమైన పేరు వచ్చింది.

మనబోటి వారికి ఇది కాలక్షేపపు చర్చ కాదు. మనలో మలేషియావారున్నారు, మారిషస్‌వారున్నారు, బర్మా నుంచి చెదరిపోయిన కుటుంబాలవారున్నారు, నిన్నగాక మొన్న గోదావరి జిల్లాల నుంచీ కరీంనగర్ నుంచీ వచ్చినవారున్నారు. ఓటు ఉన్నచోట కొందరం, ఓటు లేనిచోట కొందరం జీవిస్తున్నాము. ఓటు ఉన్నవాడు పాలకుణ్ణి మార్చుకోగలడు. లేనివానికి పాలకుని నీతే గొడుగు. అందుచేత ఆ నీతి ఎంత గట్టిదో, ఏ వానకు నిలుస్తుందో, ఏ వానకు చిరుగుతుందో మనకు తెలిసి ఉండాలి.

దీనికి మనం పరాయి గ్రంథాలను మొదట వెదకనక్కరలేదు. రాజ్యం చేస్తూనే రాజ్యం గురించి తెలుగులో రాసిన రాజు ఒకడు మనకున్నాడు. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలినాడు. ఆయన రచించిన ఆముక్తమాల్యద గోదాదేవి కథ అని అందరికీ తెలుసు. కాని అందులో నాలుగవ ఆశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యం వదలి వెళ్లబోతూ కొడుకుకు చేసిన ఉపదేశం ఒకటి ఉన్నది. అది భక్తి కాదు, వేదాంతం కాదు. కోట ఎవరికి అప్పగించాలి, పన్ను ఎంత తీయాలి, వేగులను ఎట్లా నడపాలి అనే లెక్క. అదే రోజులలో, సముద్రాలకు ఆవల ఫ్లోరెన్స్ నగరంలో, ఉద్యోగం పోయిన మకియవెల్లీ అనే ఆయన 1513లో రాజు అనే పేరుతో చిన్న పుస్తకం రాసినాడు. అది 1532లో, ఆయన పోయిన తరువాత, అచ్చయింది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు విన్నవారు కారు. ఇద్దరి ప్రశ్న మాత్రం ఒకటే: లోకం ఉన్నది ఉన్నట్టుగా ఉండగా, రాజు ఎట్లా నడుచుకోవాలి?

మకియవెల్లీ కొలువు పోగొట్టుకుని బయట నిలబడి చూసినాడు. ప్రేమ, భయం రెండూ కలిసి దొరకకపోతే భయమే నమ్మదగినది అన్నాడు. అయినా ప్రజల ఆస్తి జోలికి పోవద్దని, వారి ద్వేషం తెచ్చుకోవద్దని ఆయన కూడా గట్టిగానే హెచ్చరించినాడు. రాయలు గద్దె మీద కూర్చుని రాసినాడు. కనుక రాయలవారి మాటలో మెత్తదనమే ఉంటుందని అనుకోకండి. ఆదాయాన్ని నాలుగు భాగాలు చేసి, అందులో రెండు భాగాలు సైన్యానికే పెట్టమన్నాడు. ఒకటి దానధర్మాలకూ భోగానికీ, ఒకటి బొక్కసానికి. సగం రాబడి కత్తికి పోయినదన్నమాట. మరణశిక్ష పడిన వానికి మూడుసార్లు మొరపెట్టుకునే అవకాశం ఇవ్వమన్నాడు. ఎంత దయ! ఆ వెంటనే, తప్పించుకుపోతే రాజుకే ముప్పు తెచ్చేవాణ్ణి మాత్రం ఆలస్యం చేయకుండా తీసేయమన్నాడు. దయకు గడువు ఉన్నది, భయానికి గడువు లేదు. ఇది చదివి నొచ్చుకునేవారు నొచ్చుకోవచ్చు. కాని ఆయన దాచలేదు. రాజ్యంలో ఈ రెండూ ఒకే పళ్లెంలో ఉంటాయని చెప్పినాడు.

ఇప్పుడు మనం కూర్చున్న ఈ తీరానికి వద్దాము. ఆ రోజులలో దక్కనులో యుద్ధం గెలవాలంటే గుర్రాలు కావాలి. మన నేలమీద మంచి గుర్రాలు పుట్టవు. అవి అరేబియా నుంచి, పారశీకం నుంచి హోర్ముజ్ మీదుగా ఓడలలో గోవాకు, భట్కల్‌కు దిగేవి. నేటి రాస్ అల్ ఖైమా దగ్గర జుల్ఫార్ అనే రేవు అప్పుడు హోర్ముజ్ రాజ్యపు చేతికింద ఉండేది. గుర్రాల వ్యాపారానికి విజయనగరం వచ్చిన పోర్చుగీసువాడు న్యూనిజ్, అక్కడి రాజు ఏటా పదమూడువేల గుర్రాలు కొనేవాడని రాసిపెట్టినాడు. రాయలకు ముందు ఏలిన సాళువ నరసింహరాయలు, సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బ్రతికిన గుర్రంతో సమానంగా వెల కట్టి ఇచ్చేవాడని కూడా ఆయనే రాసినాడు. పిల్లలు నవ్వుతున్నారు. నవ్వండి, కాని ఆలోచించండి. చచ్చిన గుర్రానికి డబ్బిచ్చిన రాజు పిచ్చివాడా? సముద్రంలో నష్టం వర్తకుడి మీదే పడితే రెండోసారి వాడు ఓడ ఎక్కడు. వాడు రాకపోతే గుర్రం శత్రువు లాయంలో ఉంటుంది.

రాయలవారు ఈ సూత్రాన్నే ఉపదేశంగా చెప్పినారు. దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులకు రోజూ దర్శనం ఇవ్వు, కానుకలిచ్చి గౌరవించు, తగిన లాభం దక్కనియ్యి. అప్పుడు ఆ సరుకు నీ శత్రువుకు పోదు అన్నారు. ఇది పచ్చి వాస్తవిక దృష్టి. ఇందులో నీతి ఉన్నదనుకుంటే ఉన్నది, లాభం ఉన్నదనుకుంటే ఉన్నది. కాని రేవుల సంగతి చెబుతూనే ఆయన ఇంకో మాట చేర్చినారు. గాలివానకు కొట్టుకువచ్చి, జబ్బుపడి, అలసిపోయి మన రేవులో దిగిన పరదేశపు నావికులను వారి వారి దేశాచారాలకు తగినట్టుగా చూసుకోవాలన్నారు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. గుర్రం తెచ్చిన వర్తకుడు ఒకడు, ఓడ పగిలిన నావికుడు ఒకడు. మొదటివాని చేతిలో సరుకు ఉన్నది. రెండవవాని చేతిలో ఏమీ లేదు. ఒంట్లో జ్వరం మాత్రం ఉన్నది. మొదటివాణ్ణి ఆదరించడానికి తెలివి చాలు. రెండవవాణ్ణి ఆదరించడానికి తెలివి ఒక్కటే చాలదు. రాజ్యంలో నీతి ఉన్నదా లేదా అన్నది గుర్రాల లాయం దగ్గర తెలియదు, ఆ నావికుడు పడుకున్న చాప దగ్గర తెలుస్తుంది. మన తాతలు వర్తకులుగా ఓడ దిగినవారా, నావికులుగా దిగినవారా, ఎవరి ఇంటి సంగతి వారికి తెలుసు. మా తాతగారి పెట్టెలో గుర్రం లేదు.

రాయలవారి ఉపదేశంలో మన బోటి వారికోసమే రాసినట్టున్న మాట మరొకటి ఉన్నది. కష్టానికి తాళలేక ప్రజ ఊరు విడిచి పోతుంటే, వారిని వెనక్కు పిలవకుండా, వారు వదలిపోయిన పసులు అమ్ముకుందామని, గాదెలో గింజలు తీసుకుందామని, ఇంటి దూలాలు పొయ్యిలోకి పనికివస్తాయని చూసే అధికారి ఉంటాడే, వాడు యుద్ధభూమిలో తిరిగే నక్కవంటివాడని, అటువంటివాణ్ణి పెట్టుకున్న రాజు ఎంత భూమి ఏలినా బాగుపడడని చెప్పినారు. అయిదు వందల ఏళ్ల కిందట ఒక తెలుగు కావ్యంలో వలసపోయే రైతు కనిపిస్తున్నాడు. పోయినవాణ్ణి తప్పుపట్టలేదు. పిలవనివాణ్ణి తప్పుపట్టినారు.

మరి మన తాతలు పోయేటప్పుడు ఎవరైనా పిలిచినారా? 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిన పెద్ద కరువు వచ్చింది. మన పెద్దలు దానిని ధాత కరువు అనేవారు. అప్పుడు వైస్రాయి లిట్టన్. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటుతూ దర్బారు జరిపినాడు. మద్రాసు రాజధానిలో ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపినాడు. ఈ టెంపుల్ చరిత్ర వింతైనది. 1873-74లో బీహారు కరువులో ఆయనే బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బ్రతికించినాడు; చచ్చినవారు బహు కొద్దిమంది. దానికి ఆయనకు దక్కిన బహుమానం దుబారా మనిషి అనే నింద. ఆ నింద కడుక్కోవడానికో ఏమో, మూడేళ్ల తరువాత మద్రాసులో సహాయపు పనులు చేసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యమూ పైన కొద్ది డబ్బులూ చాలునన్నాడు. మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిష్, ఆ తిండితో పనిచేసే ఒళ్లు నిలవదని ఎదురు చెప్పినాడు. తరువాత కొలత పెంచినారు. ఆలోగా జరిగినది జరిగిపోయింది. దేశం మొత్తం మీద అర కోటికి పైగా ప్రాణాలు పోయినట్టు అంచనా.

ఒకే మనిషి, రెండు కరువులు, రెండు పద్ధతులు. మూడేళ్లలో ఆయన గుండె మారిపోయినదని మేము అనుకోము. పైనున్న రాజ్యం దేనిని మెచ్చుకున్నదో, దేనిని తిట్టినదో అదే మారింది. నీతి అంటే పాలకుని మంచి గుణం మాత్రమేనని అనుకుంటాము. కాదు. మంచి చేసిన ఉద్యోగికి మెప్పు దొరుకుతుందా, తిట్టు దొరుకుతుందా అన్నది కూడా నీతే. పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మీలో రాజులయ్యేవారు తక్కువ, ఉద్యోగులయ్యేవారు ఎక్కువ.

అదే పరదేశ ప్రభుత్వంలో సర్ ఆర్థర్ కాటన్ కూడా ఉన్నాడు. గోదావరి నీరు సముద్రంపాలవుతూ, ఒడ్డున రైతు వలసపోతూ ఉన్న రోజులలో ధవళేశ్వరం ఆనకట్టకు పూనుకుని 1852కు పూర్తిచేసినాడు. కంపెనీవారికి ఆయన దయాధర్మాల మాట ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. పెట్టిన డబ్బు శిస్తు రూపంలో ఎట్లా తిరిగివస్తుందో లెక్క వేసి చూపించినాడు. మనసులో ఉన్నది ధర్మం, కాగితం మీద ఉన్నది లెక్క. రాయలవారు ఈ మాట కూడా ముందే చెప్పి ఉన్నారు: రాజ్యం చిన్నదైతే చెరువులు, కాలువలు తవ్వించు, పేద రైతుకు పన్ను తేలిక చెయ్యి, అప్పుడు ధర్మమూ అర్థమూ రెండూ పెరుగుతాయన్నారు.

ఈ ఇసుక నేలమీద చెరువెక్కడిది అంటారా? దుబాయి ఊరి నడుమ ఉన్న ఖోర్ చూడండి. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో, 1902 ప్రాంతంలో, ఎదుటి గట్టున పారశీకంలోని లింగా రేవులో సుంకాలు పెంచినారు. వర్తకులు గిలగిలలాడినారు. ఇవతల దుబాయిని ఏలుతున్న షేక్ మక్తూమ్ బిన్ హషర్ సుంకం తీసివేసి, రండి, ఇల్లు కట్టుకోవడానికి స్థలం ఇస్తాము అన్నాడు. వచ్చినవారు గాలిగోపురాల ఇళ్లు కట్టుకున్నారు. వారి పాత ఊరు బస్తక్ పేరుమీద ఆ పేటకు బస్తకియా అనే పేరు నిలిచింది. ఇప్పుడు దానిని అల్ ఫహీదీ అంటున్నారు. మన సంఘం పిల్లలను అక్కడికి విహారానికి తీసుకువెళ్లినప్పుడు ఫొటోలతోపాటు ఈ సంగతి కూడా చెప్పాలి. ఒక రేవులో అధికారి పన్ను పెంచి జనాన్ని పోనిచ్చినాడు. ఇంకో రేవులో పాలకుడు పోయేవారిని పిలిచినాడు. తరువాత షేక్ రషీద్ కాలంలో, 1966లో చమురు బయటపడటానికి ముందే, కువైట్ దగ్గర అప్పు తెచ్చి ఆ ఖోర్ పూడిక తీయించినారు. చిన్న రాజ్యానికి అదే చెరువు, అదే కాలువ.

ఇక్కడ మా తరగతిలోని పిల్లవాడు మళ్లీ లేచి నిలబడతాడు. "వాళ్లు లాభం కోసం చేశారు గదా మాష్టారూ, ఇందులో మంచితనమేమున్నది?" అంటాడు. మంచి ప్రశ్న. లాభమూ నీతీ ఒకే దారిన పోతున్నంతసేపు ఏది ముందు నడుస్తున్నదో తెలియదు. దారి చీలినచోట తెలుస్తుంది. దారి చీలిన చోట్లు మన జనం చరిత్రలో చాలా ఉన్నాయి.

1930 మే నెలలో రంగూను రేవులో మన తెలుగు కూలీలు, అక్కడివారు కోరంగీలు అని పిలిచేవారే, కూలి పెంచమని సమ్మె చేసినారు. సరుకు దింపించే గుత్తదారులు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారమై మనవారు తిరిగివచ్చేసరికి, నిన్నటిదాకా పనిచేసిన బర్మా కూలీలను పొమ్మన్నారు. గుత్తదారుల లెక్కలో అది ఒక రోజు సర్దుబాటు. రేవులో అది మంటయింది. నూరుమందికి పైగా, ఎక్కువగా మనవారే, ప్రాణాలు పోగొట్టుకున్నారు. చంపినవాడూ చచ్చినవాడూ ఇద్దరూ కూలికే వచ్చినవారు. ఇద్దరినీ వాడుకున్నవారి లెక్క పుస్తకంలో మాత్రం తప్పేమీ కనబడదు. వాస్తవిక దృష్టి అనే మాట విన్నప్పుడల్లా, ఎవరి వాస్తవం అని అడగాలని మాకు ఈ చరిత్రే నేర్పింది.

మలయాలో దీనికి కొంత భిన్నమైన సంగతి జరిగింది. 1938లో రబ్బరు ధర పడిపోయి తోటల్లో కూలి తగ్గించబోయినప్పుడు, భారత ప్రభుత్వం ఖర్చులిచ్చి కూలీలను పంపే పద్ధతినే ఆపివేసింది. కూలి తగ్గిస్తే మనిషి రాడు అని చెప్పింది. అప్పటికి మనకు స్వాతంత్ర్యం లేదు. అయినా జనం గొంతు అంతదూరం వెళ్లింది. దానివల్ల కూడా కొన్ని కష్టాలు వచ్చినాయి. అటు ఉన్న అన్న దగ్గరకు ఇటు ఉన్న తమ్ముడు వెళ్లలేకపోయినాడు. ధర్మం చేసినా ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు ఎవరి మీద పడుతున్నదో చూడటం పాలకుని పని.

నీతి పక్షాన ఇంత మాట్లాడి, దాని బలహీనత చెప్పకపోతే మేము సగం పాఠమే చెప్పినవారమవుతాము. మద్యనిషేధం సంగతి చూడండి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. మరుసటి సంవత్సరం నవంబరులో మద్యనిషేధం విషయంలోనే అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. తరువాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవారు సారా దుకాణం మూయించినారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకున్నది. 1993లో సారా పోయింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో తరువాతి ప్రభుత్వమే దానిని సడలించింది. రాబడి పోయింది, దొంగ రవాణా పెరిగింది, ఖజానా తట్టుకోలేకపోయింది అన్నారు.

తోటలలో కల్లు దుకాణం ముందు కూలి డబ్బులు కరిగిపోవడం చూసిన కుటుంబాలకు దూబగుంట ఆడవారు ఏమడిగినారో విప్పి చెప్పనక్కరలేదు. వారి కోరిక న్యాయమైనది. కాని న్యాయమైన కోరికను నిలబెట్టే యంత్రం కట్టకపోతే, ఆ బరువుకు చట్టం విరుగుతుంది. విరిగిన చట్టాన్ని చూసి జనం నీతినే నవ్వుతారు. కనుక లెక్క తెలిసినవారిని మనం శత్రువులుగా చూడరాదు. మంచి కోరేవాడు లెక్క నేర్చుకోవాలి. లెక్క వచ్చినవాడు, ఆ లెక్కలో ఎవరి పేరు రాయడం మరచిపోయినాడో మళ్లీ చూసుకోవాలి.

రాయలవారి జీవితం కూడా ఈ మాటే చెబుతుంది. మూడుసార్లు మొర వినమన్న రాజు, కొడుకు తిరుమలరాయుడు చనిపోయినప్పుడు, తన్ను గద్దె ఎక్కించిన మంత్రి తిమ్మరుసును అనుమానించి కళ్లు తీయించినాడని న్యూనిజ్ రాసినాడు. 1962లో వచ్చిన మహామంత్రి తిమ్మరుసు సినిమా చూసి మన తల్లులు కంటనీరు పెట్టుకున్నారు. ఆ మాట నిజమైతే, అప్పాజీ విషయంలో మూడు మొరలు ఏమైనట్టు? తన ముప్పు అనుకున్నచోట ఆలస్యం చేయవద్దని రాసుకున్న ఆ రెండవ వాక్యం మొదటి వాక్యాన్ని మింగివేసింది. మంచి పుస్తకం రాసిన రాజుకు కూడా చేయి పట్టి ఆపేవాడు ఒకడు ఉండాలి. అందుకే తరువాతి కాలంవారు కోర్టులు, చట్టసభలు, పత్రికలు కట్టుకున్నారు. రాజు గుణం మీద మాత్రమే ఆధారపడిన ధర్మం రాజు కోపం వచ్చిన రోజున నిలవదు.

ఇక ఈ రోజుల సంగతి రెండు మాటలలో చెప్పి ముగిస్తాము. ఈ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో ఆరుబయట పని చేయించరాదని నియమం ఉన్నది. 2009 నుంచి జీతం బ్యాంకు ద్వారా చెల్లించినట్టు లెక్క చూపే పద్ధతి వచ్చింది. 2007లో, 2018లో, 2024లో కాగితాలు సరిగా లేనివారికి జరిమానా లేకుండా సరిచేసుకోవడానికో ఇంటికి పోవడానికో గడువులిచ్చినారు. ఇవి మంచి నియమాలు. ఇవి ఎంతవరకు అందుతున్నాయన్నది మాత్రం మనం చల్లని హాలులో కూర్చుని తేల్చేది కాదు. మధ్యాహ్నం రెండు గంటలకు పరంజా కింద నీడ దొరికినదా లేదా, ఆ మనిషినే అడగాలి. అతడు తరచు మన జిల్లావాడే, మన భాషవాడే. ఆ అడగటం మన సంఘం పని. అడిగి తెలుసుకున్నది మర్యాదగా చెప్పవలసిన చోట చెప్పటం కూడా మన పనే.

అక్కడ మన రాష్ట్రాల సంగతి కూడా అంతే. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుని కుటుంబానికి అయిదు లక్షల రూపాయలు ఇస్తామని ఉత్తరువు చేసింది. సంతోషం. పోయినవాని ఇంటికి ఏదో ఒకటి అందుతున్నది. కాని రాయలవారు అడిగినది ఇంకా ముందరి మాట. పోయేటప్పుడు పిలిచినారా? ఊళ్లో చెరువు తవ్వినారా, పన్ను తేలిక చేసినారా, తిరిగివచ్చినవానికి పని చూపినారా? శవపేటిక వచ్చిన తరువాత చూపే దయ కన్న, విమానం ఎక్కే ముందు చూపే దయ గొప్పది. ఖర్చు కూడా తక్కువ.

పిల్లలారా, మీలో కొందరు రేపు పెద్ద కుర్చీలలో కూర్చుంటారు. కంపెనీలో పదిమంది మీద అధికారం ఉన్నా అది రాజ్యమే. అప్పుడు మీ దగ్గరకు ఇద్దరు వస్తారు. గుర్రం తెచ్చినవాడు ఒకడు, ఓడ పగిలినవాడు ఒకడు. మొదటివానికి కుర్చీ వేయడం మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. రెండవవాని పేరు అడగండి. వాని భాషలో అడగగలిగితే మరీ మంచిది. మేము సాయంకాలాలు కూర్చుని మీచేత అ ఆలు దిద్దించేది ఇందుకు కూడా.

మంచివాడు రాజ్యం చేయగలడా అన్న ప్రశ్నకు మా జవాబు ఇది. మంచివాడు లెక్క నేర్చుకుంటే చేయగలడు. లెక్క వచ్చినవాడు, తన దగ్గర నుంచి వెళ్లిపోతున్నవారిని తలుపు దగ్గర నిలబడి చూసే అలవాటు చేసుకుంటే, వాడు కూడా చేయగలడు. తలుపు వైపు చూడనివాడు ఎంత తెలివైనవాడైనా, వాని రాజ్యం ఒకనాడు ఖాళీ అవుతుంది.

 నూతన సంవత్సరంలో మీ ఇళ్లలో చేదు తక్కువగా, తీపి ఎక్కువగా, తెలుగు నిండుగా ఉండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.